కోతల ఆటోకి ఆరుగురే

నేను కానిస్టేబుల్‌గా చేరిన మూడో రోజున హెడ్ కానిస్టేబుల్ కరీమున్ గారు నన్ను వెంటబెట్టుకుని బాలికల హైస్కూలుకి వెళ్లారు. నా పేరు త్రినాథ్. మాది సింగరాయకొండ దగ్గర పల్లె. పోలీసు ఉద్యోగమంటే దొంగల వెంట పరుగెత్తడమే అనుకుని వచ్చినవాణ్ణి. మా స్టేషను ఉన్నది సత్తెనపల్లికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని చిన్న టౌను. ఎటు చూసినా మిరప చేలు, పత్తి చేలు, మధ్యలో సాగర్ కాలువ. ఆ రోజు స్కూల్లో ఏదో గొడవ జరిగి ఉంటుందనుకుని లాఠీ కూడా తీసుకెళ్లాను.

గొడవేమీ లేదు. ఆవిడ పదో తరగతి పిల్లల ముందు నిలబడి ఒకమ్మాయిని లేపారు. నువ్వు చేలో ఉన్నావు, మీ నాన్నని పాము కరిచింది, నూటపన్నెండుకి ఫోన్ చేశావు, ఎక్కడున్నావని వాళ్లడిగారు, ఏం చెబుతావు అన్నారు. ఆ పిల్ల తడుముకోకుండా, "మా చేలోనండీ" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"మీ చేను నీకు తెలుసు. ఫోనెత్తినోళ్లకి ఎట్టా తెలుస్తుందమ్మా?" అన్నారు.

ఆ తర్వాత గంటసేపు చెప్పింది ఒకటే. ప్రతి చేను పక్కనా కరెంటు స్తంభం ఉంటుంది, స్తంభం మీద నంబరు ఉంటుంది, ఊరి పేరూ ఆ నంబరూ చెబితే చాలు, ఎవరైనా వెతుక్కుంటూ రాగలరు. వారంలోపు ప్రతి పిల్లా తమ చేను దగ్గరి స్తంభం నంబరు చూసొచ్చి, ఇంట్లో అమ్మకీ నాన్నకీ నోటికి నేర్పాలి. తిరిగొచ్చేటప్పుడు బండి మీద నేను మనసులో అనుకున్నాను, ఈ మాత్రం దానికి పోలీసెందుకు, లైన్‌మన్ చాలడా అని.

స్టేషనులో ఆవిడకి 'పరామర్శల హెడ్డు' అని పేరు. మొహం మీద ఎవరూ అనరు గానీ అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఎవరైనా పెళ్లికో తిరపతికో ఊరెళుతుంటే ఆవిడకి చెప్పి వెళ్లేవాళ్లు. తాళం వేసిన ఆ ఇంటి మీద ఆవిడ పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి కన్నేసేవారు. గుమ్మం ముందు పేరుకుపోయిన పేపర్లు తీసి పక్కింట్లో ఇచ్చేవారు, పేపర్లు గుట్టపడితే ఇంట్లో ఎవరూ లేరని ఊరందరికీ చాటినట్టేనని. నేను ఉన్న నాలుగేళ్లలో ఆవిడకి చెప్పి వెళ్లిన ఏ ఇంటి తాళమూ పగల్లేదు. కానీ జరగని దొంగతనానికి కేసు నంబరు ఉండదు. కేసు లేనిదానికి మెచ్చుకోలూ ఉండదు. అందుకని ఆవిడ పని ఎవరి కళ్లకీ ఆనేది కాదు.

ఆవిడ నాన్న బుడే. దూదేకులవాళ్లు. విల్లు భుజానేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఫ్యాక్టరీ పరుపులు వచ్చాక ఆయన పని సన్నగిల్లింది. వాళ్లమ్మ జానీబీ మిరప కోతలకి వెళ్లడం మొదలుపెట్టింది. కరీమున్ గారు ఏడో తరగతి చదువుతుండగా, కోతలకి వెళుతున్న ట్రాక్టరు ట్రక్కు కాలువ మలుపులో తిరగబడింది. ముగ్గురు పోయారు. జానీబీ తుంటి విరిగింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్న కూతురితో ఆమె అన్న మాటని, ఈవిడ ఒకసారి చాయ్ తాగుతూ నాతో చెప్పారు.

"పోలీసోళ్లు మంచోళ్లేనే. పేర్లన్నీ రాసుకున్నారు, నీళ్లిచ్చారు. కాకపోతే అంతా అయిపోయాక వస్తారు."

అప్పట్నుంచి ఆ పిల్లకి ఆ మాట పట్టుకుంది. అయిపోకముందే వచ్చే పోలీసు ఉంటే ఎట్టా ఉంటుంది అని. పోలీసు సెలక్షనుకి వెళ్లినప్పుడు బంధువుల్లో సగం మంది వద్దన్నారట. బుడే మాత్రం తన సైకిలు తుడిచి, గాలి కొట్టి, గుంటూరు బస్సెక్కించడానికి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడట.

అసలు కథ రెండువేల ఇరవై రెండు జనవరిలో మొదలైంది.

పొద్దున్నే ఆరూ ముప్పావుకి ఫోన్ వచ్చింది. పక్క మండలంలో, మా హద్దుకి కొద్ది దూరంలో, కోతల కూలీల ఆటో మంచులో ఆగి ఉన్న లారీని గుద్దింది. మాకే దగ్గర కాబట్టి మేమే ముందు చేరాం. డ్రైవరు కాక ఆరుగురు ఎక్కాల్సిన పెద్ద ఆటోలో పద్దెనిమిది మంది ఉన్నారు. డ్రైవరుకి అటూ ఇటూ కూర్చున్నవాళ్లు, వెనక కాళ్లు బయటికి వేలాడేసుకున్నవాళ్లు, కడ్డీ పట్టుకుని నిలబడినవాళ్లు. చీరల మీద వేసుకున్న మగవాళ్ల పాత చొక్కాలు, తలకి చుట్టిన తువ్వాళ్లు. దెబ్బ తగిలినవాళ్లని అంబులెన్సుల్లో ఎక్కించాం. రోడ్డంతా స్టీలు క్యారేజీలు, వాటిలోంచి చెదిరిన అన్నం.

మనవైపు ఇంటి గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారు కదా. కరీమున్ గారు క్యారేజీలన్నీ ఏరి, తువ్వాలుతో తుడిచి, మూతల మీది పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదివారు. పలికినవాళ్ల చేతికి ఎవరిది వాళ్లకి ఇచ్చారు. ఆసుపత్రికి వెళ్లినవాళ్లవి వాళ్లవాళ్లు తీసుకున్నారు. నాలుగు పేర్లకి ఎవరూ పలకలేదు. ఆ నాలుగింటినీ ఆవిడ జీపులో ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు.  నేను ఆ రోజు తర్వాత పరామర్శల హెడ్డు అన్న మాట మళ్లీ అనలేదు.

ఎస్సై గారు మరునాటి నుంచి తనిఖీలు పెట్టించారు. ఎక్కువమందిని ఎక్కించుకున్న ప్రతి ఆటోకీ జరిమానా. పది రోజులు రోడ్డు మీద ఒక్క కోతల ఆటో కనబడలేదు. బాగానే ఉందనుకున్నాం. పదకొండో రోజున తెలిసింది, ఆటోలన్నీ కాలువ కట్ట మీదుగా పోతున్నాయని. ఆ కట్ట ఒక ఎద్దుబండికి సరిపోయేంత వెడల్పు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పదడుగుల పల్లం. మేం వాళ్లని మంచి రోడ్డు మీద నుంచి తీసుకెళ్లి చావు అంచున పెట్టామన్నమాట.

కట్ట మీద మేం ఆపిన మొదటి ఆటో పెదవాగుపాలెం ముఠాది. డ్రైవరు బాలు, పాతికేళ్లవాడు, లైసెన్సు లేదు. ముఠా మేస్త్రి సుబ్బరావమ్మ, యాభై దాటిన మనిషి, పద్దెనిమిది మంది ఆడవాళ్లని రోజూ చేలకి నడిపించే మనిషి. ఆమె ఆటో దిగి వచ్చి కరీమున్ గారి ముందు నిలబడింది.

"ఆపితే ఆపావులే అమ్మాయ్. ఇప్పుడు మమ్మల్ని చేలోకి ఎవరు తీసుకుపోతారు? ఏడింటికి సాల్లో లేకపోతే రైతు ఇంకో ముఠాని పిలుస్తాడు. నువ్వు రోడ్డు మీద చావొద్దంటున్నావు, మేం ఇంట్లో ఎట్టా బతకాలో చెప్పు."

కరీమున్ గారు నలుగురిని దింపి, వాళ్లని మా జీపులో చేలోకి పంపించారు. స్టేషనుకి వచ్చి నాలుగు రోజులు సెలవు రాశారు. ఏ పెళ్లికో అనుకున్నాం. మర్నాడు పొద్దున ఆరింటికి ఆవిడ పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, పెదవాగుపాలెం సెంటర్లో బాలు ఆటో కోసం నిలబడ్డారు. సుబ్బరావమ్మ ఆమెని కిందా మీదా చూసి, కోత వచ్చా అని మాత్రం అడిగిందట. మా అమ్మ నేర్పింది అని ఈవిడ చెప్పారట.

ఆ నాలుగు రోజులూ ఆవిడ ఆటో వెనక అంచున వేలాడుతూ వెళ్లి, మిరపకాయలు కోసి, అదే అంచున వేలాడుతూ వచ్చారు. ఐదో రోజు డ్యూటీకి వచ్చినప్పుడు చేతులు నిప్పుల్లో పెట్టినట్టు ఎర్రగా ఉన్నాయి. పెన్ను పట్టుకోలేకపోయారు. కానీ ఆవిడకి కావలసింది తెలిసింది. ఆటోలో ఎంతమంది ఎక్కాలో నిర్ణయించేది డ్రైవరు కాదు, కూలీలూ కాదు. ఆటో కిరాయి ఇచ్చేది రైతు, ట్రిప్పుకి ఇంత అని. ఒక్క ట్రిప్పుకే ఇస్తాడు కాబట్టి పద్దెనిమిది మందీ ఒక్క ట్రిప్పులోనే రావాలి. మేం జరిమానా వేస్తున్నది బాలుకి. మాట్లాడాల్సింది యలమందయ్యతో.

యలమందయ్య గారు ఆ చుట్టుపక్కల పెద్ద రైతు. ఆయన ఏది చేస్తే మిగతావాళ్లు అదే చేస్తారు. మాట కటువు, మనిషి చెడ్డవాడు కాదు. రైతు భరోసా కేంద్రంలో మీటింగు పెట్టి పాతికమంది రైతుల్ని పిలిస్తే ఆయన ముందు వరసలో కూర్చుని అందరి తరఫునా తనే మాట్లాడారు. పురుగుమందులు, ఎరువులు, కూలి, ఇవి చాలక ఇప్పుడు రెండు ఆటోలు, మూడు ట్రిప్పులు అంటే రైతు ఎక్కడికి పోవాలన్నారు. మేం ఎవర్నీ అంచున కూర్చోమనలేదు, వాళ్లే కూర్చుంటున్నారని అన్నారు. తలకాయలన్నీ ఊగాయి.

కరీమున్ గారు చట్టం తీయలేదు. చనిపోయినవాళ్ల ఫొటోలు చూపించలేదు. లేచి, "బాబాయ్ గారూ, మీ చేను ఇక్కడికి ఎంత దూరం?" అన్నారు.

"ఐదు కిలోమీటర్లు. ఎందుకు?"

"బయట బాలు ఆటో ఉంది. ముఠా వాళ్లు కోత ముగించుకుని వచ్చి ఎక్కి ఉన్నారు. మీరూ నేనూ వాళ్లతో కలిసి మీ చేను దాకా వెళ్లొద్దాం. వాళ్లు రోజూ వెళ్లేట్టే."

సాయంత్రం నాలుగున్నర. ఎండ ఇంకా ఉంది. బయట సుబ్బరావమ్మా, మిగతావాళ్లూ నిజంగానే ఆటోలో ఇరుక్కుని కూర్చుని ఉన్నారు. ఆడవాళ్ల మధ్యలో తను కూర్చోవడమేమిటని యలమందయ్య గారు కాసేపు మొరాయించారు. పాతికమంది చూస్తుండగా వెనక్కి తగ్గడమూ కుదరలేదు. పంచె ఎగ్గట్టి వెనక అంచున కూర్చున్నారు. పక్కన కరీమున్ గారు. నేను మోటారు సైకిలు మీద వెనకాలే వెళ్లాను. నడుపుతున్నది బాలు కాదు. లైసెన్సు ఉన్న ఇంకో డ్రైవర్ని ఆవిడ ముందే మాట్లాడి పెట్టుకున్నారు, మెల్లగా పోనివ్వమని కూడా చెప్పారు.

మొదట ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. తారు రోడ్డు దాటి గతుకుల్లోకి రాగానే ఆ నవ్వులు ఆగాయి, ఎవరి పట్టు వాళ్లు చూసుకోవాలి కాబట్టి. యలమందయ్య గారి చెప్పు ఒకటి జారిపడింది. ఆయన దాని వైపు చూడలేదు కూడా. రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నారు. వెనకాల వస్తున్న నాకు ఆయన కాళ్లు రోడ్డుకి జానెడు ఎత్తులో ఊగడం కనబడుతూనే ఉంది. కాలువ మలుపు దగ్గర ఆటో ఒక పక్కకి ఒరిగినప్పుడు లోపలున్న ఒకామె బరువంతా ఆయన వీపు మీద పడింది. ఆయన "ఆపరా" అన్నారు.

ఆటో ఆగింది. ఆయన దిగి కట్ట మీద నిలబడి చాలాసేపు నీళ్లు చూశారు. నేను చెప్పు తీసుకొచ్చి కాళ్ల దగ్గర పెట్టాను. అప్పుడు ఆయన కరీమున్ గారితో కాదు, సుబ్బరావమ్మతో మాట్లాడారు.

"రోజూ ఇట్టాగే వస్తున్నారా మా చేలోకి?"

"ఇరవై ఏళ్లుగా అయ్యా" అంది సుబ్బరావమ్మ. "మీరు గట్టు మీద ఉంటారు కదా, మేం దిగాక చూస్తారు."

ఆయన ఇంటికి నడిచి వెళ్లారు. మరునాడు తనే స్టేషనుకి వచ్చి, రెండు ఆటోలు తను పెట్టుకుంటానని, పక్క చేల రైతులు ముగ్గురు కిరాయి పంచుకుంటారని చెప్పారు. మొదటి ట్రిప్పులో పన్నెండు మంది ఏడింటికి వస్తారు. బాలు వెనక్కి వెళ్లి మిగిలిన ఆరుగుర్ని ఎనిమిదింటికి తెస్తాడు. ఆ ఆరుగురూ సాయంత్రం గంట ఆలస్యంగా పని దిగుతారు. ఎవరి కూలీ తగ్గదు.

రెండో ట్రిప్పుకి ఎవరూ ఒప్పుకోరేమోనని మేం భయపడ్డాం. జరిగింది వేరు. చిన్నపిల్లలున్న తల్లులు ఆ ట్రిప్పు కోసం పోటీపడ్డారు. పిల్లలకి జడలేసి, అన్నం పెట్టి, బడికి పంపించి రావచ్చు. సుబ్బరావమ్మ వారానికొకసారి వంతులు మార్చాల్సి వచ్చింది. ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తట్టలేదంతే.

ఇలా చెబుతుంటే అంతా ఒక్క నెలలో సర్దుకున్నట్టు అనిపిస్తుంది. అలా ఏమీ కాలేదు. ఒక రైతు మా గోల పడలేక వేరే ఊరి ముఠాని ట్రాక్టరు మీద తెప్పించుకున్నాడు. కరీమున్ గారు ఆ ఊరికీ వెళ్లారు. బాలు మూడుసార్లు మాట తప్పాడు. నాలుగోసారి ఆవిడ బండి తాళం తీసుకుని, లైసెన్సు తెచ్చుకున్న రోజున ఇస్తానన్నారు. వాడికి చదువు అంతంతమాత్రం, పరీక్షంటే భయం. ట్రాఫిక్ గుర్తుల బొమ్మలు తెచ్చి స్టేషను వరండాలో వాడికి నేర్పే పని నాకు అప్పగించారు. వాడితోపాటు ఇంకో పదకొండు మంది డ్రైవర్లు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో పన్నెండు మందికీ లైసెన్సులు వచ్చాయి. అంతమంది నా దగ్గర చదువుకుని పాసవుతారని నేను కలలో కూడా అనుకోలేదు.

వెల్డింగు షాపు అయూబ్ ప్రతి ఆటోకీ వెనక అడ్డంగా ఇనుప కడ్డీ బిగించాడు, ఎవరూ అంచున కూర్చోవడానికి వీల్లేకుండా. వెనక ఎర్రగా మెరిసే స్టిక్కర్లు అంటించాం. సీజను ఉన్నన్నాళ్లూ పొద్దున ఐదున్నరకల్లా కరీమున్ గారు కాలువ వంతెన దగ్గర నిలబడేవారు. ఆటోలో తల పెట్టి చూసి, ఆరుగురే ఉంటే ఊఁ అని పంపేవారు. ఏడో మనిషి ఉంటే ఆ మనిషిని తన బండి మీద ఎక్కించుకుని చేలో దింపి వచ్చేవారు. పోలీసు బండి మీద దిగడానికి సిగ్గుపడి ఏడో మనిషి రావడం మానేసింది.

మధ్యలో ఎస్సై గారు బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన ఆయన, హెడ్ కానిస్టేబుల్ రోజూ రెండు గంటలు వంతెన మీద ఏం చేస్తుందని నన్నడిగారు. నేను చెప్పాను. ఒకరోజు వచ్చి చూడండి సార్ అని కూడా అన్నాను. ఆయన వచ్చి చూశారు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

రెండో సీజను, ఫిబ్రవరి నెల. ఆ ఏడు మంచు ఆలస్యంగా పట్టింది, పట్టినప్పుడు గోడలా పట్టింది. వంతెన దగ్గర నాలుగడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. బాలు ఆటోని కరీమున్ గారు ఆపి, మంచు విడిచేదాకా పావుగంట ఆగమన్నారు. ఆగాడు. కొంచెం పలచబడ్డాక మెల్లగా వెళ్లమని పంపించారు. పది నిమిషాల తర్వాత ఆవిడ ఫోన్ మోగింది. సుబ్బరావమ్మ.

"అమ్మాయ్, వెనక నుంచి లారీ తగిలింది. చేలో పడ్డాం. పెదవాగుపాలెం, స్తంభం నూటనలభై మూడు."

ఎక్కడున్నా దగ్గరి స్తంభం నంబరు చూసి చెప్పాలని ఆమెకి నేర్పింది ఆమె మనవరాలు, హైస్కూల్లో చదువుతోంది. కరీమున్ గారు అంబులెన్సుకి అదే నంబరు చెప్పారు. నేను బండి నడుపుతున్నాను, ఆవిడ వెనక కూర్చున్నారు. నా భుజం పట్టుకుని దారి పక్క స్తంభాల నంబర్లు పైకి చదువుతున్నారు. 

స్తంభం దగ్గర ఆటో రోడ్డు దిగి పత్తి చేలో పక్కకి పడి ఉంది. పత్తి తీసేసిన మోళ్లు. వెనక కడ్డీ వంగింది గానీ ఊడలేదు. గట్టు మీద వరసగా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకామె మోచేయి పట్టుకుని మూలుగుతోంది. బాలు నుదుటి మీద రక్తం. వాడు ఇంకొకామెకి నీళ్లు తాగిస్తున్నాడు. కరీమున్ గారు బండి ఆగకముందే దిగి పరుగెత్తారు. ఒక్కొక్కరి మొహం చేతుల్లోకి తీసుకుని చూశారు. పక్క చేలోకి చూశారు, ఆటో కిందికి వంగి చూశారు, మళ్లీ వెనక్కి వచ్చారు.

"అందరం ఇక్కడే ఉన్నాం అమ్మాయ్" అంది సుబ్బరావమ్మ. "ఆరుగురమూ ఉన్నాం. నువ్వు కూర్చో."

ఆవిడ అక్కడే మట్టిలో కూర్చున్నారు. యూనిఫాం సంగతి ఆవిడకి గుర్తులేదు. సుబ్బరావమ్మ తన తలగుడ్డ తీసి ఆవిడ మొహం తుడిచింది. అంబులెన్సు పన్నెండు నిమిషాల్లో వచ్చింది. ఒకామెకి మోచేయి విరిగింది, బాలు నుదుటికి ఐదు కుట్లు. అంతే. పద్దెనిమిది మంది ఉండి, నలుగురు వెనక వేలాడుతుంటే ఏమయ్యేదో గట్టు మీద ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. లారీ డ్రైవరు పారిపోలేదు. ఎర్ర స్టిక్కర్లు మెరవడంతో చివరి క్షణంలో బ్రేకు తొక్కానని, లేకపోతే ఆటో మీదికే ఎక్కేవాణ్ణని చెప్పాడు.

ఆ సాయంత్రం నేను ఆవిడని ఇంటి దగ్గర దింపడానికి వెళ్లాను. జానీబీ గడప దగ్గర నిలబడి ఉంది, కర్ర ఊతంగా. ఊళ్లో సంగతి అప్పటికే చేరింది. కూతురి బట్టలకి అంటిన మట్టి చూసి, నీళ్లు కాగాయి పో అని లోపలికి పంపింది. తర్వాత నా వైపు తిరిగి, అంబులెన్సు కంటే ముందు మీరే చేరారంట కదా అని అడిగింది. అవునన్నాను. అసలు ఆటో బయల్దేరకముందే ఆవిడ అక్కడ ఉన్నారు పెద్దమ్మా అని కూడా చెప్పాను. ఆమె నన్ను కూర్చోమని, ఇంట్లో ఉన్న పెద్ద ప్లేటు తీసి దాన్నిండా అన్నం పెట్టింది.

ఆ ఏడు ఏప్రిల్లో జిల్లా ఎస్పీ గారు అన్ని స్టేషన్ల ఎస్సైలతో మీటింగు పెట్టారు. వరసగా రెండు సీజన్లు మా మండలంలో ఒక్క కోత కూలీ కూడా రోడ్డు మీద చనిపోలేదు, ఎలా చేశారో వచ్చి చెప్పమని కరీమున్ గారిని పిలిచారు. ఆవిడ చీర కట్టుకోలేదు, కొత్త యూనిఫామూ కుట్టించుకోలేదు. ఉన్నదాన్నే ఇస్త్రీ చేసుకుని, సుబ్బరావమ్మని వెంటబెట్టుకుని జీపెక్కారు.

పెద్ద హాలు. ముందు వరసలో డీఎస్పీలు. కరీమున్ గారు రెండు నిమిషాలు మాట్లాడి, మిగతాది మా మేస్త్రి చెబుతుంది సార్ అని మైకు ఇచ్చేశారు. సుబ్బరావమ్మ మైకుని కొడవలి పట్టుకున్నట్టు పట్టుకుంది. అంత మంది పోలీసుల్ని ఒక్కచోట చూడటం ఆమెకి అదే మొదలు. అయినా గొంతు తగ్గలేదు.

"మొదట్లో ఈ పిల్లంటే మాకు ఒళ్లుమంటయ్యా. మా కూలి పోగొట్టడానికి వచ్చిందనుకున్నాం. నాలుగు రోజులు మాతో కోతకొచ్చింది. చేతులు బొబ్బలెక్కినా నోరెత్తలేదు. మేం చెప్పింది వినింది. మా ఊళ్లోకి పోలీసొస్తే తలుపులేసుకునేవాళ్లం. ఇప్పుడు ఈమె ఒకరోజు రాకపోతే ఒంట్లో బాగోలేదేమోనని కనుక్కుంటాం. మీరు కూడా మీ ఊళ్లల్లో ముందు ఆటో అంచున కూర్చుని చూడండి. కాగితాలు తర్వాత రాసుకోవచ్చు."

 ముందు ఎస్పీ గారు లేచి చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ లేచారు. నేను వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఆ చప్పట్లు నా స్టేషనుకి, నేను రోజూ వెనకాల నడిచే మనిషికి. నా ఛాతీ ఎంత వెడల్పయిందో నాకే తెలుసు. కరీమున్ గారు మాత్రం తల వంచుకుని, సుబ్బరావమ్మ కొంగు మైకు తీగలో చిక్కుకుంటే విడిపిస్తున్నారు.

బయటికి వచ్చాక ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన ఒక యువ ఎస్సై మా దగ్గరికి వచ్చాడు. మా దగ్గర రైతులు వినడం లేదమ్మా, మీ మేస్త్రి గార్ని ఒక్కసారి మా ఊళ్లకి పంపిస్తారా అని కరీమున్ గారిని అడిగాడు. ఆవిడ సుబ్బరావమ్మ వైపు చూశారు.

సుబ్బరావమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. "యలమందయ్య గారి చేలో ఇంకా రెండు కోతలున్నాయి. అవి అయ్యాక వస్తా" అంది. "బండి పంపించు నాయనా. ఆరుగురం వస్తాం."